కుప్పలో వేడి ఎక్కడిది?

అక్టోబరు నెలాఖరు. నంద్యాల వైపు ఒక ఊళ్లో మొక్కజొన్న నూర్పిళ్లు జోరుగా సాగుతున్నాయి. రోడ్డు పక్క కల్లంలో ఓ పెద్దాయన ముప్పై బస్తాల దాకా గింజలు రాశి పోసి, పైన నల్ల పట్ట కప్పి, చుట్టూ రాళ్లు పెట్టాడు. మబ్బు పట్టిందని మూడు రోజులు ఆ పట్ట తీయలేదు. వాన రానే లేదు. నాలుగో రోజు పట్ట ఎత్తితే లోపలి నుంచి గుప్పున ఆవిరి కొట్టింది. పట్ట అడుగున చెమట పట్టినట్టు నీటి బొట్లు. రాశిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టిన ఆయన గబుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"ఏమప్పా, పేపరోళ్లు మీకన్నీ తెలుసు గదా. వాన పడలేదు, ఎండ తగల్లేదు. దీనికి నిప్పెవరు పెట్టినట్టు?" అని నన్నడిగాడు.

"తేమ ఎక్కువుంది, పెద్దాయనా" అని చెప్పి అప్పటికి తప్పించుకున్నాను. ఆ జవాబు తప్పు కాదు, కానీ సగమే. తేమ దానంతటది వేడెక్కదు. కుండలో నీళ్లు పోసి పట్ట కప్పి మూడు రోజులు ఉంచినా చల్లగానే ఉంటాయి కదా. మరి ఆ వేడి ఎక్కడి నుంచి వచ్చింది? దీని జవాబు తెలిస్తే కల్లంలో గింజ ఎందుకు ముక్కిపోతుందో, నిరుడు దాచిన విత్తనం ఎందుకు మొలవదో, నీళ్లలో నిలబడి కూడా మిరప మొక్క ఎందుకు వాడిపోతుందో, పాతరలో దిగిన మనిషి ఎందుకు పైకి రాడో అన్నీ ఒక్కచోటే తేలిపోతాయి.

గింజ బతికే ఉంది

మనం గింజను రాయిలాగా, ఇటుకలాగా చూస్తాం. బస్తాలో పోసి మూతి కుట్టేస్తే దాని పని అయిపోయిందనుకుంటాం. నిజానికి అది ప్రాణమున్న వస్తువు. అందులో అంకురం ఉంది, అది రేపు మొలవాలి. ప్రాణం నిలవాలంటే తిండి కావాలి, గాలి కావాలి. తిండి దాని ఒంట్లోనే పిండి రూపంలో ఉంది. గాలి గింజల మధ్య సందుల్లో ఉంది. ఈ రెండింటినీ కలిపి గింజలోని బతికున్న ప్రతి కణమూ లోపల్లోపలే నెమ్మదిగా మండించుకుంటుంది. దీన్నే శ్వాసక్రియ అంటారు.

ఊపిరి పీల్చడం వేరు, శ్వాసక్రియ వేరు. మనం ముక్కుతో గాలి పీల్చేది ప్రాణవాయువును కణాల దాకా చేరవేయడానికి. అసలు పని జరిగేది కణంలో. గింజకు ముక్కు లేదు, ఊపిరితిత్తులు లేవు. అయినా శ్వాసక్రియ ఉంది. ఆకుకు, కాయకు, వేరుకు, కోసి గంపలో పెట్టిన టమాటకు, దున్నే ఎద్దుకు, దాని పొట్టలో ఉన్న సూక్ష్మజీవులకు కూడా ఉంది.

మండించడం అనే మాట ఊరికే వాడలేదు. 1780లలో ఫ్రాన్సు దేశంలో లవోయిజర్ అనే శాస్త్రజ్ఞుడు లాప్లాస్ తో కలిసి ఒక గినీ పందిని మంచు నింపిన పెట్టెలో పెట్టి, దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో, అది ఎంత బొగ్గుపులుసు వాయువు వదిలిందో కొలిచాడు. బొగ్గు మండేటప్పుడు జరిగేదే ప్రాణి ఒంట్లోనూ నిదానంగా జరుగుతోందని తేల్చాడు. పొయ్యిలో కట్టె మండినా, కణంలో చక్కెర మండినా చివరికి మిగిలేది ఒకటే: బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి, శక్తి.

లెక్క కూడా చూద్దాం. 180 గ్రాముల గ్లూకోజు పూర్తిగా ఖర్చు కావాలంటే 192 గ్రాముల ప్రాణవాయువు కావాలి. 264 గ్రాముల బొగ్గుపులుసు వాయువు, 108 గ్రాముల నీరు బయటికొస్తాయి. సుమారు 686 కిలోకేలరీల శక్తి విడుదలవుతుంది. ఈ నీటి సంగతి గుర్తుంచుకోండి. పట్ట కింద కనిపించిన బొట్లలో కొన్ని గింజలో ముందునుంచీ ఉన్న తేమ అయితే, కొన్ని ఇలా కొత్తగా పుట్టినవి.

ఆకు పగలు ఎండలో చేసేది సరిగ్గా దీనికి తిరగేసిన పని. బొగ్గుపులుసు వాయువునూ నీటినీ కలిపి, ఎండ శక్తిని బిగించి చక్కెర తయారు చేస్తుంది. కణం ఆ ముడి విప్పుకుని వాడుకుంటుంది. మొక్క పగలంతా సంపాదించిన దాంట్లో దాదాపు సగం దాకా తన శ్వాసకే ఖర్చు పెడుతుంది. మిగిలిందే మన గింజ, మన గడ్డి.

గంపలతో మోసినట్టు

పొయ్యికీ కణానికీ ఒక పెద్ద తేడా ఉంది. పొయ్యిలో కట్టె మొత్తం ఒక్కసారిగా మండుతుంది. కణంలో అలా మండితే కణమే కాలిపోతుంది. అందుకని ఈ పని చిన్న చిన్న మెట్లుగా జరుగుతుంది.

చేను గట్టుమీదకు బండెడు ఎరువు వచ్చిందనుకోండి. బండిని తీసుకెళ్లి ప్రతి మొక్క మొదట్లో ఆపలేం. గంపలకెత్తుకుని చాళ్లలోకి మోస్తాం. గంప ఖాళీ కాగానే మళ్లీ బండి దగ్గరికి తెచ్చి నింపుతాం. గ్లూకోజు బండెడు ఎరువు లాంటిది. ఆ గంప పేరు ఎ.టి.పి. వేరు నేలలోంచి పోషకాలు లాగాలన్నా, మొలక నేలను చీల్చుకు రావాలన్నా, ఎద్దు మెడ కండరం బిగించాలన్నా కణం ఈ గంపనే కుమ్మరిస్తుంది. ఖాళీ గంప తిరిగి వెళ్లి నిండుతుంది. మనిషి ఒంట్లో ఏ క్షణాన చూసినా ఎ.టి.పి. చాలా కొద్దిగానే ఉంటుంది. కానీ అదే అదే నిండుతూ ఖాళీ అవుతూ రోజు మొత్తం మీద తిరిగింది లెక్కేస్తే సుమారుగా మనిషి బరువంత అవుతుంది.

మొదటి మెట్టు కణంలోని జిగురు ద్రవంలో జరుగుతుంది. గ్లూకోజు రెండు ముక్కలవుతుంది. దీనికి ప్రాణవాయువు అక్కర్లేదు, కానీ గిట్టేది రెండు గంపలే. తర్వాత ఆ ముక్కలు మైటోకాండ్రియా అనే అతి చిన్న గదుల్లోకి పోతాయి. అక్కడ జరిగే చక్రాన్ని క్రెబ్స్ అనే ఆయన 1937లో విప్పి చెప్పాడు. ఈ గదుల్లో పని పూర్తి కావడానికి ప్రాణవాయువు ఉండి తీరాలి. ఉంటే ఒక్కో గ్లూకోజు నుంచి మొత్తం ముప్పై పైచిలుకు గంపలు నిండుతాయి. మేం ఇంటర్లో చదివేటప్పుడు 38 అని బట్టీ పట్టాం. తర్వాత జాగ్రత్తగా లెక్కగట్టి 30 నుంచి 32 అని దించారు. మీ పిల్లల పుస్తకంలో వేరే అంకె ఉంటే కంగారు పడొద్దు.

ప్రాణవాయువు ఉంటే ముప్పై, లేకపోతే రెండు. ఈ తేడా దగ్గరికే మళ్లీ వస్తాం.

ఇంత పొదుపుగా చేసినా చక్కెరలోని శక్తిలో మూడో వంతు మాత్రమే గంపల్లోకి ఎక్కుతుంది. మిగతాదంతా వేడిగా పోతుంది. మీ ఒళ్లు వెచ్చగా ఉండేది, గేదె పక్కన పడుకుంటే వెచ్చగా తగిలేది, మండె కట్టిన వడ్ల మూటలో చెయ్యి పెడితే వేడి తగిలేది, చలికాలం పొద్దున్నే పెంటదిబ్బ మీద పొగలాంటి ఆవిరి లేచేది ఈ వేడి వల్లే. మొక్కజొన్న రాశికి నిప్పు పెట్టిందీ ఇదే.

ఇక్కడ మనవాడి పేరు ఒకటి చెప్పకుండా పోలేను. ఈ ఎ.టి.పి.ని 1929లో కనుగొన్న వారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. అమెరికాలో హార్వర్డు వైద్య కళాశాలలో ఫిస్క్ అనే శాస్త్రజ్ఞుడితో కలిసి పనిచేస్తూ దీన్ని బయటపెట్టారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. అంతకు రెండేళ్ల ముందే, 1927లో, కండరాల్లో శక్తిని దాచే మరో భాస్వర పదార్థాన్ని ఫిస్క్, సుబ్బారావు కనుగొన్నారు. భాస్వరం ఎంతుందో కొలవడానికి 1925లో వాళ్లు ప్రకటించిన పద్ధతి ప్రయోగశాలల్లో వాళ్ల పేరుమీదే నిలిచిపోయింది.

భాస్వరం అంటే మీకు డి.ఎ.పి. బస్తా, సూపర్ బస్తా గుర్తుకొస్తాయి. సరిగ్గా అదే. ఎ.టి.పి.లో మూడు భాస్వర ముక్కలు తోకలా ఉంటాయి. చివరి ముక్క విడిపోయినప్పుడు శక్తి వస్తుంది, తిరిగి అతికినప్పుడు గంప నిండినట్టు. భాస్వరం చాలని మొక్క వేరు పారక, ఎదగక గిడసబారి ఉండిపోతుంది కదా, దానికున్న కారణాల్లో ఇదొకటి. అలాగని బస్తాలకు బస్తాలు గుమ్మరించమని కాదు. మన చేలల్లో ఏళ్ల తరబడి వేసిన భాస్వరం చాలాచోట్ల నేలలో పేరుకుని ఉంది. మట్టి పరీక్ష చూసుకునే వేయాలి.

పదికిలోల పిండి ఏమైంది?

ఇక కల్లం దగ్గరికి వద్దాం. బాగా ఎండిన గింజలో శ్వాస ఉందా లేదా అన్నంత నెమ్మదిగా ఉంటుంది. పన్నెండు, పదమూడు శాతం తేమ దగ్గర అది నిద్రలో ఉన్నట్టే. పద్నాలుగు, పదిహేను దాటిందా, శ్వాస ఒక్కసారిగా పుంజుకుంటుంది. అక్కడినుంచి బూజుకూ కాలం కలిసొస్తుంది. బూజు కూడా ప్రాణే, దానికీ శ్వాస ఉంది. గింజ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా పీలుస్తుంది. తడి రాశిలో పుట్టే వేడిలో పెద్ద వాటా దానిదే.

పది కిలోల పిండి ఇలా ఖర్చయిందనుకుందాం. పదహారు కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. అయిదున్నర కిలోల నీరు రాశిలోనే మిగులుతుంది. నలభై వేల కిలోకేలరీల వేడి పుడుతుంది. ఆ వేడితో అయిదారు వందల లీటర్ల నీళ్లు మరిగించవచ్చు. పైన పట్ట, చుట్టూ గింజలు. గింజల రాశి పరుపులాంటిది, వేడిని తొందరగా బయటికి పోనివ్వదు. వేడి పది డిగ్రీలు పెరిగితే శ్వాస వేగం దాదాపు రెట్టింపు అవుతుంది. వేగం పెరిగితే ఇంకా వేడి, ఇంకా నీరు. ఇలా తనను తానే ఎగదోసుకుంటూ పోయి గింజ ప్రాణం పోయినా, ఆ తర్వాత బూజు పని సాగుతూనే ఉంటుంది. వడ్లయితే లోపలి బియ్యం పసుపు రంగుకు తిరుగుతాయి. మొక్కజొన్న, వేరుశనగల్లో ఆస్పర్జిల్లస్ అనే బూజు అఫ్లాటాక్సిన్ విషాన్ని వదులుతుంది. అలాంటి గింజ కోళ్లకు పెట్టినా, పశువులకు పెట్టినా ప్రమాదమే. కడిగినా, ఎండబెట్టినా, వండినా ఆ విషం పూర్తిగా పోదు.

"ఎండబెడితే తూకం పోతుంది గదా" అనేది ప్రతి ఊళ్లో వినే మాట. నిజమే, పోతుంది. 20 శాతం తేమ ఉన్న 100 కిలోల గింజను 14 శాతానికి ఎండబెడితే 93 కిలోలు మిగులుతాయి. ఆ ఏడు కిలోలూ నీళ్లే. కానీ ఎండబెట్టకుండా రాశి పోస్తే పోయేది పిండి, దాంతోపాటు రంగు, ధర. నూర్చిన రోజే కాటా పెట్టి అమ్మేసేవాళ్లు కొనేవాడు అడిగిన తేమ దాకా ఆరబెడితే చాలు. ప్రభుత్వ కొనుగోళ్లలో వడ్లకు 17 శాతం, మొక్కజొన్నకు 14 శాతం హద్దుగా పెట్టుకున్నారు. అంతకన్నా ఎండబెట్టి ఎదుటివాడికి లాభం చేయమని నేను చెప్పను. కానీ ధర వస్తుందేమోనని నెలలు దాచేవాళ్లకు, విత్తనానికి ఉంచుకునేవాళ్లకు 17 శాతం పనికిరాదు. కొనుగోలు కేంద్రంలో పాసైందని అదే సరుకు ఇంట్లో గరిసెలో పోసి నష్టపోయిన వాళ్లున్నారు.

తేమ కొలిచే మిషను అందరికీ ఉండదు. పంటి కింద కొరికి టక్కున విరిగితే ఎండినట్టు అని మన పెద్దలు చూసేవాళ్లు. చెయ్యి తిరిగినవాళ్లకు అది బాగానే పనిచేస్తుంది. ఇంకో తేలిక పద్ధతి ఉంది. తడి లేని గాజు సీసాలో మూడో వంతు గింజలు పోసి, రెండు మూడు చెంచాల బాగా ఎండిన మెత్తటి ఉప్పు వేసి, మూత బిగించి బాగా ఊపాలి. పావుగంట ఆగి చూడాలి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ 15 శాతం దాటినట్టు. పొడిపొడిగా రాలిపోతే అంతకన్నా తక్కువ.

మబ్బుకు భయపడి పట్ట కప్పడం తప్పదు. కానీ కప్పి మర్చిపోవడమే కొంప ముంచుతుంది. వాన లేని ప్రతి గంటా పట్ట తీసి గాలి తగలనివ్వాలి. రాశిని పలచగా, రెండు మూడు అంగుళాల మందం మించకుండా నెరిపి, కాలితోనో పారతోనో తిరగబోస్తుండాలి. ఎండకు కాలిన గింజను వేడిమీదే గోతాల్లోకి ఎత్తకూడదు, నీడన చల్లారనివ్వాలి. బస్తాల కింద చెక్కలు వేసి, గోడకు జానెడు ఎడంగా పేర్చాలి.

తుఫానుల సంగతి వేరు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నీళ్లలో పడిపోయింది. పడిపోయిన కంకిలో గింజకు తడి దొరికింది, గాలి దొరికింది. నిద్రావస్థ లేని రకమైతే దానికి ఇక ఆగే పనేముంది? చేలోనే మొలకెత్తుతుంది. అలాంటప్పుడు లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పడిపోయిన పనల మీద, కంకుల మీద పిచికారీ చేయమని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఉప్పు ద్రావణం గింజను తడి తాగనివ్వకుండా పట్టి ఉంచుతుంది. నాలుగు రోజులు గడువిచ్చే ఉపాయమే కానీ, ఎండకు బదులు కాదు.

విత్తనం ముసలిదైపోతుంది

విత్తనానికి కావలసింది బతికి ఉండటం, అదీ వీలైనంత తక్కువ ఖర్చుతో. హారింగ్టన్ అనే విత్తన శాస్త్రజ్ఞుడు చెప్పిన లెక్క రైతుకు బాగా పనికొస్తుంది. విత్తనంలో తేమ ఒక్క శాతం తగ్గితే నిల్వ కాలం రెట్టింపు అవుతుంది. దాచిన చోట వేడి 5 డిగ్రీలు తగ్గినా రెట్టింపు అవుతుంది. సుమారు 5 నుంచి 14 శాతం తేమ మధ్య ఈ లెక్క నడుస్తుంది. ధ్రువీకరణ విత్తనానికి మామూలు సంచుల్లో వడ్లకు 13, మొక్కజొన్నకు 12, వేరుశనగకు 9 శాతం మించకూడదని పెట్టింది ఇందుకే.

వేరుశనగ విషయంలో మా ఇంట్లోనే దెబ్బ తిన్నాం. రబీ కాయల్ని విత్తనానికని దాచి, మనుషులు దొరికినప్పుడే పనైపోతుందని ముందే ఒలిపించి, పప్పులు ప్లాస్టిక్ సంచుల్లో పోసి వంటగది పక్క గదిలో పెట్టాం. మే నెల ఎండలు, పక్కనే పొయ్యి వేడి. జూన్ లో తొలకరి పడ్డాక వంద గింజలు గోనెపట్టలో చుట్టి చూస్తే ముప్పై కూడా మొలవలేదు. చూడ్డానికి మాత్రం పప్పు నిగనిగలాడుతోంది. నూనె గింజ కాబట్టి తొందరగా చెడుతుంది. కాయగా ఉంటే పొట్టు దాన్ని కాపాడేది. ఎండబెట్టేటప్పుడు కూడా అంతే. విత్తనపు కాయల్ని మండుటెండలో బండమీద పోయకుండా నీడపట్టున నిదానంగా ఆరనివ్వాలి. వడ్ల విత్తనానికి కూడా 43 డిగ్రీలు దాటిన వేడి తగలకూడదు.

విత్తే ముందు వంద గింజల పరీక్ష చేయని రైతు చేజేతులా జూదమాడుతున్నట్టే. ఒక తడి గోనెసంచి ముక్క చాలు.

మండె కట్టడం మనకు తెలిసిందే. వడ్లు 24 గంటలు నానబెట్టి, నీళ్లు వంచి, మరో 24 గంటలు మూట కట్టి ఉంచుతాం. మూట మరీ బిగించి, బరువెత్తి, విప్పి చూడకుండా వదిలేస్తే పులిసిన కల్లు వాసన వస్తుంది. లోపలి గింజలకు గాలి చాలక రెండు గంపల పద్ధతిలో పడ్డాయని దానర్థం. కల్లు పులిసేది కూడా ఇదే దారిలో. కాకపోతే అక్కడ ఆ పని చేసేది ఈస్టు.

నీళ్లలో నిలబడి దాహంతో

నల్లరేగడిలో మిరప, కంది, మొక్కజొన్న వేసినవాళ్లకు ఇది బాగా తెలుసు. రెండు రోజులు ముసురు పట్టి చేలో నీళ్లు నిలిస్తే మూడోరోజు ఎండ కాయగానే ఆకులు వాడిపోతాయి. మొదట్లో చెంబెడు నీళ్లున్నాయి, పైన ఆకు దాహంతో తలవాల్చింది. చూసేవాళ్లకు ఇదేం విడ్డూరమనిపిస్తుంది.

వేరుకు ఆకులేదు, ఎండ తగలదు. దానికి తిండి పైనుంచి రావాలి, ప్రాణవాయువు మట్టి సందుల్లోని గాలినుంచి రావాలి. నీళ్లు నిలిచాయంటే ఆ సందులన్నీ నీటితో నిండిపోయాయి. ప్రాణవాయువు గాలిలో పాకే వేగం కన్నా నీటిలో పదివేల రెట్లు నెమ్మదిగా పాకుతుంది. నేలలో మిగిలిన కాస్త ప్రాణవాయువును వేళ్లూ సూక్ష్మజీవులూ కలిసి ఒకటి రెండు రోజుల్లో ఊడ్చేస్తాయి. ఇక వేరు రెండు గంపల మీద బతకాలి. కూలి పనికి ముప్పై మంది రావలసిన చోట ఇద్దరు వచ్చినట్టు. నేలలోంచి నత్రజనిని లాగడానికి శక్తి చాలదు, నీటిని లోపలికి వదిలే దారులూ మూసుకుపోతాయి. పైగా తక్కువ గంపల కోసం చక్కెర మాత్రం ఎడాపెడా ఖర్చవుతుంది. దానికి తోడు నేలలోని నైట్రేటును గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు వాయువుగా మార్చి పైకి పంపేస్తాయి. ఆకులు పచ్చబడేది అందుకే.

అప్పుడు చాలామంది చేసే పని, నీళ్లు తీయకుండానే యూరియా చల్లడం. ఊపిరాడక గిలగిల్లాడే మనిషి ముందు విస్తరి వేసినట్టుంటుంది. ముందు కాలువ తీసి నీళ్లు బయటికి పంపాలి. వేరు పనిచేయదు కాబట్టి ఆకు ద్వారా ఇవ్వాలి: లీటరు నీటికి 20 గ్రాముల యూరియా గానీ, 10 గ్రాముల 13-0-45 గానీ కలిపి పిచికారీ చేయవచ్చు. నేల పదునుకు రాగానే గుంటక తోలాలి. గుంటక కలుపు కోసమే అనుకుంటాం కానీ, పైపెచ్చు పగిలి వేరుకు గాలి తగలడం కూడా దాని మేలే. నీళ్లు నిలిచే చేలల్లో బోదెల మీద విత్తుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. లేత మొక్కజొన్నకైతే ఒకటి రెండు రోజుల నీళ్లే చాలు, చేను దెబ్బతింటుంది.

మరి వరి ఎలా బతుకుతుంది? వరి వేరులో, కాండంలో లోపల గొట్టాల్లాంటి ఖాళీలుంటాయి. ఆకు పైనుంచి పీల్చిన గాలి వాటి గుండా వేరు దాకా దిగుతుంది. వేరు తనకు కావలసిన గాలిని పైనుంచి తెచ్చుకుంటుందన్నమాట. ఆకు కూడా మునిగితే వరికైనా కష్టమే. మొలకల విషయంలో ఒక చిత్రం ఉంది. వడ్ల గింజ నీటి అడుగున గాలి లేకుండా కూడా మొలక ముక్కు బయటికి తీయగలదు, కానీ వేరు పెట్టలేదు. ముక్కు పైకి సాగి గాలి అందుకోవాలి, అప్పుడే వేరు. నీళ్లు నిలిచిన మడిలో వెదజల్లిన విత్తనం పట్టు లేక తేలిపోయేది అందుకే. మడి తేర్చి, నీళ్లు తీసి చల్లాలి.

మునకకు తట్టుకునే గుణం ఒరిస్సా నాటు రకమొకదానిలో దొరికింది, ఎఫ్.ఆర్. 13ఎ అంటారు. దానిలోని సబ్-1 అనే జన్యుభాగాన్ని మన మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణలోకి సంకరం ద్వారా చేర్చారు. అలా వచ్చిన స్వర్ణ సబ్-1 మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాల దాకా పూర్తిగా మునిగినా తిరిగి చిగురిస్తుంది. అదేమీ నీటిలో గాలి పీల్చే విద్య నేర్వలేదు. మామూలు వరి మునగగానే పైకి రావాలని ఆకులు సాగదీసి ఉన్న చక్కెరంతా కరగదీసుకుంటుంది. ఇది మాత్రం ఎదుగుదల ఆపేసి, ఉన్నది దాచుకుని, నీళ్లు తీసే దాకా ఒదిగి కూర్చుంటుంది.

రాత్రి వేడి కూడా రైతుకు నష్టమే. రాత్రి ఎండ ఉండదు, సంపాదన లేదు, ఖర్చు మాత్రం ఉంటుంది. రాత్రి వెచ్చగా ఉంటే శ్వాస పెరిగి ఖర్చూ పెరుగుతుంది. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల్లో 1992 నుంచి 2003 దాకా చూసి 2004లో ప్రకటించిన లెక్క ప్రకారం, ఎండాకాలపు పంటలో రాత్రి కనీస ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే వరి దిగుబడి పది శాతం తగ్గింది. దీనికి శ్వాస ఖర్చు ఒక కారణమని వాళ్ల అభిప్రాయం.

గాలి లేకపోవడమూ మేలే

గాలి లేకుండా చేసి లాభపడే పని కూడా ఒకటుంది. పచ్చి మొక్కజొన్న, జొన్న చొప్పను ముక్కలు కొట్టి, గుంతలోనో సంచిలోనో గట్టిగా తొక్కి, గాలి చొరకుండా మూసేస్తే పాతర గడ్డి అవుతుంది. చొప్ప కణాలు లోపల మిగిలిన ప్రాణవాయువును తామే వాడేస్తాయి. ఆ తర్వాత పెరుగును తోడుపెట్టే జాతి సూక్ష్మజీవులు చక్కెరను పులుపుగా మార్చి మేతను చెడకుండా ఉంచుతాయి. తొక్కడం సరిగా లేకపోతే గాలి మిగిలి శ్వాస సాగుతూనే ఉంటుంది, మేత వేడెక్కి, నల్లబడి, బూజు పడుతుంది. ఎండిన గింజకు గాలి తగలనివ్వమనీ, పచ్చి మేతకు తగలనివ్వొద్దనీ చెప్పడంలో తికమకేమీ లేదు, రెండుచోట్లా ఆపాలనుకుంటున్నది ఒక్కటే.

పాతర అంటే గింజల పాతర గుర్తుకు రాక మానదు. కర్నూలు జిల్లా పల్లెల్లో ఒకప్పుడు జొన్నలు దాచిన పాతరలు ఇప్పటికీ కొన్ని ఇళ్ల ముందు, వీధుల్లో ఉన్నాయి. పైన మన్ను కప్పి నెలల తరబడి మూసి ఉంచితే లోపల గింజలూ పురుగులూ కలిసి ప్రాణవాయువును తినేస్తాయి. పురుగు చచ్చిపోతుంది, జొన్న నిలుస్తుంది. పెద్దల ఉపాయం మంచిదే. కానీ అక్కడ మిగిలింది బొగ్గుపులుసు వాయువు. ఇది గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు. మూత తీసినా లేచి పోదు, గుంత అడుగున నీళ్లలాగా నిలబడి ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. దిగిన మనిషి రెండు మూడు ఊపిర్లకే స్పృహ తప్పవచ్చు. పైనున్న కొడుకో తమ్ముడో "అయ్యో" అంటూ దిగుతాడు, అతనూ పడిపోతాడు. ఒక ఇంటినుంచి ఇద్దరు ముగ్గురు పోయేది ఇలాగే. చాలాకాలం మూసి ఉన్న పాడుబావుల్లో, లోతైన గుంతల్లో కూడా ఇదే ప్రమాదం.

మన వాళ్లు తాడుకు దీపం కట్టి దించి చూసేవాళ్లు. దీపం ఆరిందంటే దిగకూడదన్నది గట్టి గుర్తు. కానీ దీపం వెలుగుతోంది కదా అని ధైర్యంగా దిగొద్దు, మనిషికి హాని చేసేంత బొగ్గుపులుసు వాయువు ఉన్నా దీపం వెలుగుతూ ఉండవచ్చు. మూత తీసి చాలాసేపు వదిలేసి, గాలి కొట్టే ఫ్యానుతో అడుగుదాకా గాలి పంపాలి. వీలైనంత గింజను పైనుంచే తోడుకోవాలి. తప్పనిసరై దిగితే నడుముకు తాడు కట్టుకుని, పైన ఇద్దరు బలమైన మనుషులు పట్టుకుని ఉండగా, మాట్లాడుతూనే దిగాలి. మాట ఆగిందా, లాగేయాలి. తాడు లేకుండా పడిపోయిన మనిషి కోసం వెనకాలే ఎవరూ దిగొద్దు. ముందు గాలి పంపండి, అగ్నిమాపక దళానికి 101కు ఫోను చేయండి.

ఆ మొక్కజొన్న పెద్దాయన ఆ రోజే పట్ట పక్కన పడేసి, రాశిని రోడ్డు పొడవునా నెరిపించాడు. నడి రాశిలో గింజలు అప్పటికే రంగు మారి, మొక్క నల్లబడ్డాయి. వాటిని వేరు చేసి పెంటదిబ్బలో పోయించాడు. మిగతావి నాలుగు ఎండలు కొట్టాక వచ్చిన బేరగాడు చేతిలోకి తీసుకుని, వాసన చూసి, మాట్లాడకుండా క్వింటాలుకు ఎంత తగ్గించాలో లెక్కేసుకున్నాడు.